బూటులో మొలక, టోపీ పక్కన మొలక

"సందేశాత్మక చిత్రం" అన్న మాట వినగానే నాకు ఇప్పటికీ చిన్నప్పుడు బడి నుంచి వరసలో నడిపించుకెళ్ళి అర టిక్కెట్టు మీద చూపించిన సినిమాలే గుర్తొస్తాయి. రెండు గంటలు ఓపిక పడితే చివర్లో ఓ పెద్దమనిషి తెర మీదకొచ్చి చెట్లు నాటమని చేతులు జోడించేవాడు. మేం బయటికొచ్చి పుల్ల ఐసు కొనుక్కుని, తిన్నాక పుల్ల అక్కడే పారేసి, మళ్ళీ వరసలో బడికి. పాపం ఆ పెద్దమనిషి!

యానిమేషన్ సినిమాల్లో ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. పిల్లలకి చెప్తున్నాం కదా అని గొంతు ఓ మెట్టు పైకి లేపుతారు. పైగా సైన్స్ ఫిక్షన్ అయితే చెప్పక్కర్లేదు.. భవిష్యత్తు కాబట్టి ఎంత భయపెట్టినా అడిగే నాథుడు లేడు. 2012లో వచ్చిన 'ది లోరాక్స్' చూడండి. డాక్టర్ స్యూస్ 1971లో రాసిన బుల్లి పుస్తకం దానికి ఆధారం. ఊరంతా ప్లాస్టిక్ చెట్లు, సీసాల్లో గాలి అమ్ముకుని కోటీశ్వరుడైన ఓ వ్యాపారి. ఆలోచన బావుంది, నవ్వొస్తుంది కూడా. కానీ అదే ఏడాది ఆ చెట్లని కాపాడే నారింజ రంగు మీసాల లోరాక్స్ టీవీలో మజ్దా కారు ప్రకటనలో ప్రత్యక్షమయ్యాడు. చెట్ల తరఫున మాట్లాడతానన్నవాడు కారు తరఫున మాట్లాడుతున్నాడన్నమాట. సీసాలో గాలి అమ్మే ఆ వ్యాపారి చూస్తే కుళ్ళుకునేవాడు, నాకెందుకు తట్టలేదు ఈ ఐడియా అని.

అందుకే మా పాపకి (ఆరేళ్ళు, ప్రశ్నల పుట్ట) ఇలాంటి సినిమాలు చూపించేటప్పుడు నాకు లోపల కాస్త బెరుకుగానే ఉంటుంది. భయపడుతుందేమో అన్నది ఒక బెరుకు. భయపడకుండా హాయిగా నవ్వేసి మర్చిపోతుందేమో అన్నది రెండోది. ఈ రెండింటి మధ్యలో నిలబడ్డ సినిమాలు నాకు తెలిసి చాలా తక్కువ. ఓ రెండింటి గురించి చెప్పాలనిపిస్తోంది. చెప్తూ చెప్తూ పటాన్‌చెరు దాకా వెళ్తాను, కంగారు పడకండి, దారి ఉంది.

మొదటిది 'వాల్-ఇ'. 2008 జూన్‌లో వచ్చింది, పిక్సార్ వాళ్ళది, దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. కథ జరిగేది 2805లో. భూమ్మీద మనిషన్నవాడు లేడు. ఆకాశహర్మ్యాల పక్కన అంతే ఎత్తున చెత్త గుట్టలు. ఆ చెత్తని పొట్టలోకి తోసుకుని, నొక్కి, ఇటుకలా చేసి, ఇటుక మీద ఇటుక పేర్చే ఓ బుల్లి రోబో. వాడితో పాటు వచ్చిన వేల రోబోలు ఎప్పుడో తుప్పు పట్టిపోయాయి. వీడొక్కడే పోయినవాళ్ళ చక్రాలూ కళ్ళూ ఊడదీసి తనకి బిగించుకుంటూ రోజూ డ్యూటీకి వెళ్తుంటాడు. తోడుగా ఒక బొద్దింక. సాయంత్రం ఇంటికొచ్చి పాత వీడియో టేపులో 'హలో డాలీ' పాటలు చూసుకుంటాడు.

మొదటి అరగంటలో మాటలనేవి దాదాపు లేవు. ఏడ్చే పిల్లలూ చచ్చిపోయే జంతువులూ లేవు. "ఇలా ఎందుకైంది?" అని వివరించే గొంతూ లేదు. ఉన్నదల్లా ఒకే కంపెనీ పేరు, 'బై ఎన్ లార్జ్'. సూపర్ మార్కెట్ దానిదే, పెట్రోలు బంకు దానిదే, బ్యాంకు దానిదే, రైలు దానిదే, చివరికి ప్రభుత్వం కూడా దానిదే అని గోడల మీద బోర్డులు చూసి మనకే అర్థమవుతుంది. అన్నట్టు స్టాంటన్ ఆ రోజుల్లో ఇచ్చిన ఇంటర్వ్యూలలో తనకి పర్యావరణ సందేశం ఇచ్చే ఉద్దేశమేం లేదనీ, తనది ఒంటరితనం గురించిన ప్రేమకథనీ చెప్పాడు. కొందరు దీన్ని తప్పించుకోవడం అన్నారు. నాకైతే నిజమే చెప్పాడనిపిస్తుంది. సందేశం ఇవ్వాలని కూర్చుని ఉంటే ఆ బొద్దింక ఉండేది కాదు. వజ్రపుటుంగరం పారేసి దాని డబ్బాని భద్రంగా దాచుకునే సీను అసలుండేది కాదు.

మా పాప చూసిన విషయం ఒకటి చెప్పాలి. మనుషులంతా 'యాక్సియం' అనే పెద్ద ఓడలో అంతరిక్షంలో తిరుగుతుంటారు కదా.. ఐదేళ్ళ విహారయాత్ర అని బయల్దేరి ఏడొందల ఏళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆ ఓడ అడుగున చెత్త గది ఉంటుంది. అక్కడ వాల్-ఇకి పెద్దన్నల్లాంటి రోబోలు చెత్తని పెద్ద పెద్ద దిమ్మలుగా నొక్కి, తలుపు తెరిచి, అంతరిక్షంలోకి తోసేస్తాయి. హీరో హీరోయిన్లు అందులో పడి పోబోతారు కాబట్టి నేను ఆ టెన్షన్‌లో ఉన్నాను. మా పాప మాత్రం "నాన్నా, మళ్ళీ బయట పడేస్తున్నారేంటి?" అంది.

అవును కదా! భూమిని చెత్త చేసి పారిపోయినవాళ్ళు ఏడొందల ఏళ్ళ తర్వాత కూడా చేస్తున్నది అదే. చెత్త అంటే "బయట" పడేసేది. బయట ఎక్కడో మాత్రం మారింది. నేను ఈ సినిమా అరడజను సార్లు చూశాను గానీ దీన్నెప్పుడూ పట్టించుకోలేదు.

ఇక నా వృత్తిరోగం. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఈ సినిమాలో నాకు అందరికన్నా నచ్చే పాత్ర విలన్. ఓడని నడిపే 'ఆటో' అనే యంత్రం. చక్రం ఆకారం, మధ్యలో ఎర్ర కన్ను. చూసినవాళ్ళంతా "అమ్మో, దుర్మార్గపు కంప్యూటరు" అంటారు గానీ, నన్నడిగితే అందులో దుర్మార్గం వీసమెత్తు లేదు. ఓడ బయల్దేరిన కొన్నేళ్ళకి ఆ కంపెనీ సీఈఓ ఒక రహస్య ఆజ్ఞ పంపాడు. శుభ్రం చేసే పథకం విఫలమైంది, భూమి ఇంక బాగుపడదు, ఎవరూ వెనక్కి రావద్దు, ఓడ పగ్గాలు నువ్వే తీసుకో అని. ఆజ్ఞ నెంబరు ఏ113. (అది కాలిఫోర్నియాలో ఈ యానిమేషన్ వాళ్ళలో చాలామంది చదువుకున్న కాలేజీలో ఓ తరగతి గది నెంబరు. పిక్సార్ సినిమాలన్నిట్లో ఎక్కడో ఓ చోట దూరుస్తారు.) ఆజ్ఞ ఇచ్చినవాడు పోయాడు. కంపెనీ పోయింది. ఆజ్ఞకి గడువు తేదీ మాత్రం ఎవరూ రాయలేదు. పచ్చని మొక్క ఎదురుగా కనబడుతున్నా ఆటో తన పని తాను చేస్తుంది. మొక్క దొరికిందిగా, పరిస్థితి మారిందిగా అని కెప్టెన్ మొత్తుకుంటే, అది అప్రస్తుతం అన్నట్టు జవాబిస్తుంది.

మా రంగంలో ఉన్నవాళ్ళకి ఈ సీను చూస్తే నవ్వూ ఏడుపూ కలిసొస్తాయి. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ప్రాజెక్టుకో ఊరు తిరుగుతున్నాను. ప్రతి క్లయింటు దగ్గరా ఒక ఏ113 ఉంటుంది. రాత్రి రెండింటికి నడిచే ఓ జాబు. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో తెలీదు. తీసేద్దామా అంటే "వద్దు బాబోయ్, దాన్ని ముట్టుకోకు" అంటారు. ఓసారి ఒక పెద్ద దుకాణాల కంపెనీకి పనిచేశాను. జనం నచ్చక వెనక్కి పంపిన సరుకు ఏం చెయ్యాలో తేల్చే ప్రోగ్రాం. పట్టిక చాలా చిన్నది. వెనక్కి తెప్పించే రవాణా ఖర్చు, విప్పి చూసి మళ్ళీ సర్దే కూలీ కలిపి, ఆ వస్తువు మళ్ళీ అమ్మితే వచ్చేదానికన్నా ఎక్కువైతే, కొన్నవాడికి డబ్బు ఇచ్చెయ్యాలి, వస్తువు అడగకూడదు. "మీ దగ్గరే ఉంచుకోండి" అని ఒక మర్యాదపూర్వకమైన ఈమెయిలు. ఈ దేశంలో చాలా దుకాణాలు పాటించే పద్ధతే ఇది, రహస్యమేం కాదు. లెక్క ప్రకారం అంతా సక్రమమే. కాకపోతే ఆ పట్టికలో వస్తువు చివరికి ఎక్కడికెళ్తుంది అనే గడి లేదు. ఎవరో తీసేసింది కాదు, అలాంటి గడి ఒకటి ఉండాలని అడిగినవాళ్ళే లేరు. వాళ్ళు అడగలేదు గనక యంత్రానికి తెలీదు.

అసలు తమాషా ఏంటంటే వాల్-ఇ కూడా అలాంటి జాబే. పథకం రద్దయింది, ఆ సంగతి వీడికి ఎవరూ చెప్పలేదు, రోజూ ఇటుకలు పేరుస్తూనే ఉన్నాడు. ఒకే కంపెనీ వదిలేసిపోయిన రెండు పాత ప్రోగ్రాములు. ఒకటి ఇంకా శుభ్రం చేస్తూ, రెండోది ఇంకా ఇంటికి రానివ్వకుండా. తేడా అల్లా, వాల్-ఇ మధ్యమధ్యలో పని ఆపి ఓ లైటరు, ఓ స్పూనూ ఏరుకుని, తిప్పి చూసి, ఇంటికి తెచ్చుకుంటాడు. చెత్తలోంచి వస్తువుని వేరు చేసి చూడగలడు. బూటులో మొలక దొరికింది అందుకే. ఆటో చేతికి అదే మొలక దొరికితే నిబంధన ఎంత చెప్తే అంత.

ఇంత ఇష్టమైన సినిమాతో నాకు ఒక పేచీ ఉంది. చివర్లో ఓడ దిగుతుంది. సోఫాల్లోంచి లేవడం మర్చిపోయిన బొద్దు మనుషులు తప్పటడుగులు వేస్తూ నేల మీదకొస్తారు. కెప్టెన్ పిల్లలందరికీ వ్యవసాయం గురించి చెప్తూ పిజ్జా మొక్కలు కూడా పండిద్దాం అంటాడు (మా పాపకి ఇంతకన్నా గొప్ప డైలాగు ఇంకోటి లేదు). ఆ తర్వాత టైటిల్సులో గుహల బొమ్మలు, ఈజిప్టు బొమ్మలు, చివరికి వాన్ గో శైలి దాకా వరసగా బొమ్మలేస్తూ మనుషులూ రోబోలూ కలిసి నేలని బాగుచేసుకోవడం చూపిస్తారు. బొమ్మలు అద్భుతం. కానీ ఆ విషపు గాలి ఏమైంది? ఆ గుట్టల్లో ఉన్న బ్యాటరీలూ రసాయనాలూ ఏమయ్యాయి? ఒక మొలక మొలిచిందంటే భూమి తనంతట తానే కడుక్కుందన్నమాట. మనం చెయ్యాల్సిందల్లా ఇంటికి రావడమే. ఆ పాడు చేసిన కంపెనీ సీఈఓ ఏడొందల ఏళ్ళ క్రితం వీడియోలో చెమటలు కక్కుతూ మాయమయ్యాడు, లెక్క అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఎవరి తప్పూ లేకుండా పోయింది. గంటా నలభై నిమిషాల పిల్లల సినిమా నుంచి ఇంతకన్నా ఆశించకూడదని మా ఆవిడ అంటుంది. ఆవిడ అన్నదీ నిజమే. కానీ ఆశించదగ్గ సినిమా ఒకటి అప్పటికే ఉంది, అదీ ఇరవై నాలుగేళ్ళ ముందు.

దాని పేరు 'గాలి లోయ నౌసికా'. జపాను దర్శకుడు హయావో మియజాకి 1984లో తీశాడు. ప్రఖ్యాతి గాంచిన ఆయన స్టూడియో జిబ్లీ అప్పటికింకా పుట్టలేదు. ఇది బాగా ఆడాక 1985లో మొదలైంది. 1985లోనే ఈ సినిమాని అమెరికాలో ఇరవై నిమిషాల పైగా కత్తిరించి, పేరు మార్చి, మామూలు ఫైటింగు సినిమాలా వదిలారు. ఏం కత్తిరించారో చూస్తే ఏం అర్థం కాలేదో తెలుస్తుంది. కథలో పురుగుల గురించి, అడవి గురించి నిదానంగా ఆలోచించే చోట్లు చాలా వరకు ఎగిరిపోయాయి.

కథ ఏంటంటే, ఏడు రోజుల పాటు జరిగిన ఓ మహాయుద్ధంలో మన నాగరికత బూడిదై వెయ్యేళ్ళు గడిచింది. భూమి మీద ఎక్కువ భాగాన్ని ఒక విషపు అడవి కమ్మేసింది. జపానీ మాటకి అర్థం "కుళ్ళిన సముద్రం". బూజు చెట్లు, వాటి నుంచి రాలే విషపు పుప్పొడి, అందులో తిరిగే మహా పురుగులు. అన్నిటికన్నా పెద్దవి ఓమూలు, కొండంత గొంగళిపురుగుల్లా ఉంటాయి, కోపమొస్తే కళ్ళు ఎర్రబడతాయి. మిగిలిన కొద్దిమంది మనుషులూ ముఖానికి ముసుగులేసుకుని బతుకుతుంటారు. అడవిని తగలబెట్టాలనేది పెద్ద రాజ్యాల పట్టుదల. నౌసికా అనే చిన్న లోయ రాకుమారి మాత్రం ముసుగేసుకుని అడవిలోకెళ్ళి విత్తనాలు ఏరుకొస్తుంది.

ఈ సినిమాకి ప్రాణం నా దృష్టిలో యుద్ధం సీన్లు కాదు, కోట కింద నేలమాళిగలో ఉన్న ఒక చిన్న తోట. అక్కడ నౌసికా దొంగచాటుగా ఆ విషపు మొక్కలనే పెంచుతుంది. కానీ వాటికి పోసేది కోట బావి అడుగు నుంచి తోడిన నీళ్ళు, వేసేది అదే అడుగు ఇసుక. ఆ నీళ్ళతో, ఆ ఇసుకలో పెరిగిన అదే మొక్క విషం కక్కదు. అంటే విషం మొక్కది కాదు, మట్టిది. మట్టిని అలా చేసింది మనిషి. తర్వాత ఆమె అడవి అడుగుకి జారిపడితే తెలిసేదేమంటే ఆ చెట్లు మట్టిలోని విషాన్ని లాక్కుని, తమలో దాచుకుని, రాయిలా మారి, శుభ్రమైన ఇసుకై రాలుతున్నాయి. తగలబెట్టాలనుకున్నది మందుని. అంతకుముందే, కోట శత్రువుల చేతికి చిక్కాక ఆ నేలమాళిగ తోటకి నీళ్ళు కట్టేస్తుంది నౌసికా. ఎండిపోతాయని తెలిసే. అరవదు, ఉపన్యాసం ఇవ్వదు. గురువులాంటి యూపా అనే ముసలాయనతో విషయం చెప్పి వెక్కి వెక్కి ఏడుస్తుంది, అంతే.

మియజాకికి ఈ ఆలోచన రావడానికి కారణమైన వాటిలో మినమాత అఖాతం ఒకటి. దక్షిణ జపానులో ఓ రసాయనాల ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన నీళ్ళు ఆ సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న మనుషులకి నరాలు చచ్చుబడిపోయాయి. జబ్బుని అధికారికంగా గుర్తించింది 1956లో. గుర్తించాక కూడా పన్నెండేళ్ళు వదిలారన్నమాట. జనం అక్కడ చేపలు పట్టడం మానేశారు. మానేశాక ఆ విషపు నీళ్ళలోనే చేపలు గుంపులు గుంపులుగా పెరిగాయని విని మియజాకి చలించిపోయాడట. మనిషికి విషమైన చోట ఇంకేదో బతకడం నేర్చుకుంటోంది. మనిషి లేకపోవడమే దానికి కలిసొచ్చింది.

ఇక్కడే నాకు నక్కవాగు గుర్తొస్తుంది.

మా మేనమామ వాళ్ళ ఊరు పటాన్‌చెరు దగ్గర. తొంభైలలో వేసవి సెలవలకి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఊరికి ఆ పక్క వాగు. చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల నీళ్ళు ఇసుకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, ఆ తర్వాత మంజీరలోకి చేరేవి. మంజీర నీళ్ళే హైదరాబాదు తాగేది అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. (నగరానికి నీళ్ళు తీసుకునేది ఎగువనున్న ఆనకట్టల నుంచి, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.) వాగు మీద నురగ ఉండేది, రంగు ఒక్కో రోజు ఒక్కోలా. రాత్రి గాలి తిరిగితే ఘాటు వాసనకి గొంతు మండేది. అత్తమ్మ తడిగుడ్డ కిటికీకి కట్టేది. "వాగు దిక్కు పోతే కాళ్ళిరగ్గొడ్త" అనడం మాత్రమే నాకు తెలిసిన పర్యావరణ సందేశం. ఇంతకన్నా సూటిగా ఏ సినిమా చెప్పలేదు.

మామకి వాగు పక్కన రెండెకరాల వరి ఉండేది. ఉండేది అంటున్నాను. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది, పంట పోయిన రైతులకి కొంత పరిహారం కూడా అందింది. మామ దాని గురించి అడిగితే ఇప్పటికీ నవ్వుతాడు. "పైసలొచ్చినయి అల్లుడా. నీళ్ళు రాలే" అంటాడు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీళ్ళని, అంటే శుద్ధి *అయిపోయిన* నీళ్ళని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. సుమారు తొంభై మందుల కంపెనీల నీళ్ళు అక్కడికి వచ్చేవి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బ్యాక్టీరియాలని చంపడానికి కావలసిన దానికన్నా వెయ్యి రెట్లు పైగా. వాళ్ళ అంచనా ప్రకారం ఆ ఒక్క మందే రోజుకి సుమారు 45 కిలోలు ఆ నీళ్ళతో పోతోంది. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడే మందు అది. ఇది చదివినప్పుడు నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. లైబ్రరీలో కూర్చుని ఆ అంకెని మూడు సార్లు చదివాను. కిటికీకి కట్టిన తడిగుడ్డ వాసన వచ్చింది.

మళ్ళీ ఆ నా పట్టిక సంగతే. శుద్ధి కేంద్రం పని చెయ్యలేదని కాదు. నీటిలో కాలుష్యం కొలిచే మామూలు కొలతలు ఏవో ఉంటాయి, వాటిని కొలిచేవాళ్ళు. మందు ఎంతుంది అనే గడి ఆ పట్టికలో లేదు. ఎంత దాటకూడదో పరిమితే లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల మురుగునీటిలో యాంటీబయాటిక్‌లకి పరిమితులు పెడుతూ ఒక ముసాయిదా తెచ్చింది. నేను సంతోషించాను. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పరిమితులు లేవు. ఆజ్ఞ ఇచ్చినవాడు చచ్చిపోయి ఏడొందల ఏళ్ళయితే అది సినిమా. ఇక్కడ అందరూ బతికే ఉన్నారు.

ఇంకోటి. నక్కవాగులోకి పోకుండా ఆ శుద్ధి చేసిన నీళ్ళని పైపు వేసి హైదరాబాదులో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి మూసీలోకి. "మళ్ళీ బయట పడేస్తున్నారేంటి?"

పోయిన చలికాలం మా పాపకి చెవినొప్పి వచ్చింది. డాక్టరు యాంటీబయాటిక్ రాసిచ్చారు. రెండు రోజుల్లో జ్వరం తగ్గి ఆడుకుంది. సీసా పారేయబోతూ అట్ట మీద చూస్తే "ఇండియాలో తయారు" అని ఉంది. ఏ ఊరో లేదు. ఆ మందు లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను కాబట్టి ఇక్కడ నీతులు చెప్పే స్థితిలో లేను. పైగా మా మామ పెద్ద కొడుకు పనిచేసేది కూడా ఆ మందుల ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లోనే. పొలం పోయాక ఇల్లు నిలబడింది ఆ జీతంతోనే. యాక్సియం ఓడలో కూర్చున్నవాళ్ళెవరు, కింద ఇటుకలు పేర్చేదెవరు అని బొమ్మ గీసుకుంటే మా చుట్టరికాల్లోనే రెండు వైపులా మనుషులు కనబడుతున్నారు.

అందుకే నాకు నౌసికా కామిక్ పుస్తకం సినిమాకన్నా పెద్దదనిపిస్తుంది. మియజాకి దాన్ని 1982లో ఒక పత్రికలో మొదలుపెట్టి, మధ్యమధ్యలో ఆపుతూ, 1994 దాకా గీశాడు. సినిమా దాని మొదట్లో ఓ ముక్క మాత్రమే. (చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి, ముగింపు చెప్పేస్తున్నాను.) పుస్తకం చివరికొచ్చేసరికి తెలిసేదేమంటే ఆ శుద్ధి చేసే అడవిని తయారుచేసింది కూడా పాత మనుషులే. అంతేకాదు, ఇప్పుడున్న మనుషుల ఒళ్ళు ఆ విషానికి తగ్గట్టు మార్చబడింది. అడవి పని పూర్తయి గాలి పూర్తిగా శుభ్రపడిన రోజున వీళ్ళు ఆ గాలి పీల్చి బతకలేరు. ఆ శుభ్రమైన లోకం కోసం వేరే మనుషులని గుడ్లలా దాచి ఉంచారు. పాతవాళ్ళు రాసిపెట్టిన ఆ పథకాన్ని నౌసికా పగలగొడుతుంది. అది న్యాయమా అని నన్నడిగితే, చదివి పదేళ్ళయినా నాకింకా జవాబు దొరకలేదు. వాల్-ఇలో ఇంటికి రావడమే పరిష్కారం. ఇక్కడ ఇల్లు శుభ్రపడినా అందులో బతికేది మనం కాదు. మందు నీళ్ళు తాగి తాగి మందుకి లొంగని బ్యాక్టీరియాలు పుట్టుకొస్తున్నాయని చదివినప్పుడల్లా ఈ పుస్తకమే గుర్తొస్తుంది. ఆ వాగులో మనకన్నా ముందు సర్దుకున్నది అవే.

ఈ మధ్య వచ్చినవాటిలో 2024 నాటి 'ది వైల్డ్ రోబోట్' బావుంది. దారి తప్పి ఓ దీవిలో పడ్డ రోబో ఒక బాతుపిల్లని పెంచే కథ. అందులో బాతులు వలస పోతుంటే కింద సముద్రంలో మునిగిపోయిన గోల్డెన్ గేట్ వంతెన, దాని మీదుగా ఈదుతున్న తిమింగలాలు ఒక్క క్షణం కనబడతాయి. ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. సినిమా ముందుకెళ్ళిపోతుంది. శభాష్ అనుకున్నాను. మనవాళ్ళూ ఆ ఏడాదే 'కల్కి 2898 ఏడీ'కి ముందు 'బుజ్జి అండ్ భైరవ' అని రెండు భాగాల యానిమేషన్ చేశారు. ఎండిపోయిన గంగ, నీళ్ళూ పచ్చదనమూ అంతా పైన కాంప్లెక్స్‌లో దాచుకున్నవాళ్ళు, కింద కాశీలో ఎలాగైనా అక్కడికి ఎక్కాలని యూనిట్లు లెక్కపెట్టుకునే భైరవ. వీసా క్యూలో నిలబడ్డ ఏ తెలుగువాడికైనా ఆ భైరవ బాగా తెలిసినవాడే. కాకపోతే బుజ్జి జోకుల గోలలో ఆ ఎండిన నది పక్కకి వెళ్ళిపోయింది. కొంచెంసేపు నది దగ్గర ఆగుంటే బావుండేది.

మొన్న శనివారం ధైర్యం చేసి మా పాపకి నౌసికా చూపించాను. ఓమూ పిల్లని గాయపరిచి, దాన్ని ఎర వేసి, మిగతా ఓమూలని ఊరి మీదకి రప్పించే సీనులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపేద్దామా అంటే వద్దంది. చివర్లో అక్షరాలు పడుతున్నప్పుడు, అడవి అడుగున శుభ్రమైన ఇసుకలో నౌసికా టోపీ పడి ఉంటుంది, దాని పక్కన ఓ చిన్న పచ్చటి మొలక. నేను గుర్తు చెయ్యబోయేలోపే "వాల్-ఇ బూటులో ఉన్నదే కదా ఇది!" అంది. అవునన్నాను. సినిమాలు రెండూ వేరని, మధ్యలో ఇరవై నాలుగేళ్ళున్నాయని చెప్పలేదు.

ఆదివారం మామకి ఫోన్ చేస్తే పాప కూడా మాట్లాడింది. డిసెంబరులో వస్తున్నాం కదా, మీ ఊళ్ళో పురుగులున్నాయా తాతా అని అడిగింది. మామకి ఏం అర్థమైందో గానీ, "శానా ఉన్నయి బిడ్డా, వాగు కాడ మస్తుగున్నయి" అన్నాడు. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది, "వాగు దిక్కు పోనియ్యకుర్రి పిల్లను" అని.